పాత బీము ముందు

"ముప్పా?" అంది సత్తమ్మ, రక్తనిధి కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని.

"ముప్పై, అవ్వా. ముప్పై నాలుగు దినాల సంచి ఉన్నదంటున్న," అన్నాడు లక్ష్మీరాజం.

సగం విన్న సత్తమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. "ముప్పున్న రక్తమట రా హరీషూ. మీ బాపుకు గదే ఎక్కిస్తరట," అని వరండా అంతా వినేలా కొడుకుతో చెప్పింది. బెంచీ మీద చీటీలు పట్టుకుని కూర్చున్న నలుగురూ లేచి నిలబడ్డారు. అందులో ఒకాయన తన చీటీ కిటికీలోంచి లోపలికి పెట్టి, "సార్, మాకు మాత్రం ముప్పు లేనిది ఇయ్యున్రి," అన్నాడు మర్యాదగా.

లక్ష్మీరాజం కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు. ఈ కరీంనగర్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా రక్తాన్ని నమ్ముకుని బతుకుతున్న టెక్నీషియను. నీరసంలో కూడా ఎంతో కొంత రసం పిండుకునే మనిషి. మొన్న ఇచ్చోడలో రక్తదాన శిబిరం, నిన్నంతా పరీక్షలు, ఇవాళ తోటి టెక్నీషియను దశరథం సెలవు. పేరుకు రక్తనిధి గాని అతనికి కరువైంది నిద్రనిధి. ఈ పూట పిండుదామన్నా చుక్క రసం రాలడం లేదు.

సత్తమ్మ భర్త నాగయ్యది మెట్‌పల్లి. మరమగ్గాల షెడ్డులో నూలుకు గంజి పట్టించే పనిలో నలభై ఏళ్లు నిలబడ్డాడు. గుండె బలహీనం. ఆ గుండె కోసం వేసుకునే మాత్రలకు కడుపులో పుండు రేగి లోలోపలే రక్తం కారిపోయింది. పన్నెండుండాల్సిన రక్తం అయిదు పాయింట్ ఎనిమిదికి దిగింది. ఉన్న కాస్త రక్తాన్నీ ఒళ్ళంతా తిప్పలేక గుండె నీళ్లు లేని బోరు మోటారులా కొట్టుకుంటోంది. మధ్యాహ్నంలోగా ఒక సంచి ఎక్కాలని డాక్టరు విద్యాధర్ రాసి పంపాడు. పైగా గ్రూపు బి నెగెటివ్. ఇంటిల్లిపాదీ పాజిటివ్‌గా ఉంటే ఈయనొక్కడే నెగెటివ్.

ఫ్రిజ్‌లో బి నెగెటివ్ సంచులు రెండే ఉన్నాయి. ఒకటి ముప్పై నాలుగు రోజులది, రెండోది ఇచ్చోడ శిబిరంలో తీసింది. పొద్దున్నే రెండింటినీ నాగయ్య రక్తంతో కలిపి చూశాడు లక్ష్మీరాజం. రెండూ సరిపోయాయి. ఏది ముందు గడువు తీరుతుందో అదే ముందు పోవాలి. రక్తనిధిలో అది పద్ధతి.

"సార్, మా బాపుది అసలే గుండె రోగం. నెల దాటిన రక్తం ఎట్ల పడ్తది? పాలపాకెట్టయినా తారీఖు చూసి తెచ్చుకుంటం గద," అన్నాడు హరీష్. తండ్రి పక్కనే గంజి తొట్టి దగ్గర పని నేర్చిన ముప్పై ఏళ్ల మనిషి. గోళ్ల సందుల్లో తెల్లటి గంజి ఇంకా వదల్లేదు.

"దీని తారీఖు నలభై రెండు దినాలు తమ్మీ. ఇంకా ఎనిమిది ఉన్నయి."

"కొత్తది ఉండంగ పాతది ఎందుకు అంటగడ్తున్నరు? ఎవ్వలికన్న పెద్దోళ్లకు దాస్తున్నరా?"

లక్ష్మీరాజం డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. డాక్టరు విద్యాధర్ గొంతులో కూడా అదే అలసట. "ఒకప్పుడు మాక్కూడా గా అనుమానం ఉండె. గుండె ఆపరేషన్లయితున్న వాళ్లల్ల కొందరికి కొత్త రక్తం, కొందరికి పాత రక్తం ఎక్కించి చూసిన్రు. బతికి బయటపడుట్ల తేడా కనవడలే. నా భయం సంచి వయసు గురించి కాదు హరీష్, ఆలస్యం గురించి. ఇంకోటి, గబగబ ఎక్కిస్తే గుండె మీద బరువు పడ్తది. మెల్లగ ఎక్కియ్యాలె. గంతే."

"తేడా కనవడలేదంటున్నరు. లేదని అంటలేరు గద," అన్నాడు హరీష్.

లక్ష్మీరాజం గడియారం చూశాడు. పదకొండు దాటింది. ఇరవై రెండేళ్లలో ఇదే జవాబు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇంకోసారి చెప్పే ఓపిక లేదు. పైన ఒక గుండె పరుగెడుతుంటే కింద తాము ఇలా నిలబడి మాట్లాడుకోవడం అతనికి సిగ్గనిపించింది. పద్ధతి పక్కన పెట్టి ఇచ్చోడ సంచి తీశాడు.

"పదకొండు పది. రాసుకుంటున్న. అరగంటల ఎక్కియ్యడం మొదలువెట్టాలె. దారిల యాడ ఆగకు. సక్కగ పైకే."

సంచి చేతిలో పడగానే హరీష్ ముఖం మారింది. "గింత సల్లగున్నదేంది సార్?"

"రక్తం సల్లగుంటేనే మనిషి సల్లగుంటడు. నడువు."

నవ్వు కోసం అన్న మాట కాదది, అలవాటుకొద్దీ నోటినుంచి జారింది. హరీష్ నవ్వలేదు. సంచిని తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

పన్నెండూ అయిదుకు నర్సు గంగుబాయి మెట్లు దిగి వచ్చింది. జైనూర్ వైపు మనిషి, తొందరగా గొంతు పెంచదు. చేతిలో అదే సంచి.

"లక్ష్మీరాజం సార్, గిది ఇప్పుడే నా చేతికొచ్చింది. పట్టి చూడున్రి. ఉడుకుగున్నది."

పట్టి చూశాడు. పొదిగిన గుడ్డంత వెచ్చగా ఉంది. గంగుబాయి వెనకే వచ్చిన హరీష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"లిఫ్ట్ ఆగిపోయింది సార్," అన్నాడు.

"లిఫ్టుల ఎండ కొట్టదు తమ్మీ."

హరీష్ తల వంచుకున్నాడు. లక్ష్మీరాజం అరవలేదు. అరవాలన్నా ఓపిక కావాలి. సంచి మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, పారేసేవి వేసే పసుపు డబ్బాలో వేశాడు. అరగంట దాటితే ఫ్రిజ్‌లోకి తిరిగి రాదు, మనిషిలోకి అసలే పోదు. ఇచ్చోడలో ఆ రక్తం ఇచ్చిన అమ్మాయి పేరు రుచిత. డిగ్రీ మొదటి సంవత్సరం. సూది చూడలేక ముఖం పక్కకు తిప్పుకుని, "సార్, గిది ఎవరికి పోతది?" అని మూడుసార్లు అడిగింది. ఎవరో ఒకరి గుండెకు బిడ్డా అని అతను మూడుసార్లూ చెప్పాడు.

రిజిస్టరులో 'పారవేసిన కారణం' గడి దగ్గర కలం ఆగింది. పద్ధతి తప్పింది ముందు తనే. ఆ గడి అలాగే వదిలేసి, పాత సంచి తీసి ఐసు పెట్టిన డబ్బాలో పెట్టుకుని తనే మెట్లెక్కాడు. మోకాళ్లు ఒక్కో మెట్టుకూ ఒక్కో ఫిర్యాదు చేశాయి.

వార్డులో నాగయ్య మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. పెదవులు గంజిలో ముంచిన నూలులా తెల్లగా ఉన్నాయి. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. గంగుబాయి సంచి మీది నంబరు చదివి సూది సిద్ధం చేస్తుంటే హరీష్ మంచానికి అడ్డం నిలబడ్డాడు.

"గీ పాతది వద్దు సిస్టర్. ఆదిలాబాద్‌ల ఉంటదేమో అడుగుండ్రి. నేను బండి మీద పోయి తెస్త."

"నువ్వు పోయి వచ్చెటాలకు చీకటి వడ్తది," అంది గంగుబాయి. "గప్పటిదాక ఈయన ఆగుతడా?"

సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ముప్పున్నదని పొద్దుగాలనే అన్నరు గద," అంది.

నాగయ్య చెయ్యి లేపాడు. మాటకూ మాటకూ నడుమ ఊపిరి వెతుక్కుంటున్నాడు. "మరి కొత్తది... ఏమైంది రా?"

లక్ష్మీరాజం హరీష్ వైపు చూశాడు. ఆ మాట చెప్పాల్సింది తను కాదు.

"నేనే ఖరాబు చేసిన బాపు," అన్నాడు హరీష్ చివరికి. "మంచు లెక్క సల్లగుండె. సల్లారిన గంజి గడ్డ కడ్తది గద. గడ్డ కట్టిన గంజి పట్టిస్తే నూలు పటపట తెగిపోతది. నీ నరాల కూడ గట్లనే అయితదేమోనని భయమేసింది. అంగి లోపల వెట్టుకోని ఎండల కూసున్న. ఎచ్చగైనంక తెచ్చిన."

నాగయ్య కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో కోపం కనిపించలేదు. నలభై ఏళ్లు తొట్టిలో చెయ్యి పెట్టి గంజి వేడి చూసింది తనే, కొడుకు చెయ్యి పట్టుకుని ఆ తొట్టిలో ముంచి నేర్పిందీ తనే.

"నేర్పినోణ్ని నేనే," అన్నాడు. తర్వాత లక్ష్మీరాజం వైపు తల తిప్పాడు. "సారూ... మీ తాన ఏది ముందు పంపుతరు?"

"గడువు ముందు తీరేది."

"మా షెడ్డుల గంతే. గంజి పట్టిన నూలు చుట్టిన బీములల్ల... పాత బీము ముందు మగ్గానికి ఎక్కిస్తం. కొత్తది ముందెక్కిస్తే పాతది మూలకు పడి చీకిపోతది. పాత బీము మీద నేసిన బట్ట... బజార్ల ఎవ్వడన్న గుర్తువట్టిండా హరీషూ?"

హరీష్ తన గోళ్ల సందుల్లోని గంజి చూసుకున్నాడు.

"జర పక్కకు జరుగు. ఎక్కియ్యున్రి సిస్టరమ్మా."

హరీష్ జరిగాడు. పూర్తిగా కాదు, ఒక అడుగు. చెయ్యి మాత్రం మంచం పట్టీ మీదే ఉంచాడు.

గంగుబాయి గొట్టం చక్రం తిప్పి చుక్కలు లెక్కపెట్టింది. నాలుగు గంటలు పట్టేంత మెల్లగా ఎక్కించాలి. నడుమ నీరు దిగే ఇంజెక్షన్ ఇవ్వాలి. మొదటి పావుగంట లక్ష్మీరాజం అక్కడే నిలబడ్డాడు. చలి గాని వణుకు గాని లేదు. తర్వాత కిందికి దిగాడు. కిటికీ దగ్గర పొద్దుటి ఆయన ఇంకా తన చీటీతో నిలబడే ఉన్నాడు.

నాలుగున్నరకు మళ్లీ పైకి వచ్చాడు. రావాల్సిన అవసరం లేదు. గంగుబాయి ఖాళీ సంచి చుట్టి పెట్టింది. నాగయ్య మూడు దిండ్ల నుంచి రెండు దిండ్లకు దిగాడు. మెడ నరం ఎగిరెగిరి పడడం మానింది. హరీష్ కింద చాప మీద, మంచం పట్టీ మీద ఒక చెయ్యి వేసుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆ నిద్ర చూసి లక్ష్మీరాజానికి అసూయ కలిగింది.

సత్తమ్మ పక్క మంచాల వాళ్లందరినీ పోగేసి, పొద్దుటి నుంచి జరిగింది వివరిస్తోంది. "సారు ముప్పై అన్నడు. నేను ముప్పు అనుకున్న, నా చెవులు గట్లున్నయి. సిస్టరమ్మ చెప్పినంక తెలిసింది. ఈ సంచుల తారీఖు నలభై రెండు దినాలట. వీడు రక్తాన్ని గంజి అనుకుండు. సల్లగనే ఉండాలెనట, అరగంటల ఎక్కియ్యాలెనట. మీకు సంచి ఇస్తె యాడ ఆగకున్రి, సక్కగ పైకి తేండ్రి. ఎవ్వరో పుణ్యానికి ఇచ్చిన రక్తం, మా చేతుల ఖరాబైంది."

లక్ష్మీరాజం కిందికి వెళ్లి రిజిస్టరు తెరిచాడు. ఖాళీగా ఉన్న గడిలో 'పద్ధతి తప్పి ఇచ్చాను. దారిలో వేడెక్కింది' అని రాసి, సంతకం పెట్టి, బల్ల మీద తల ఆనించాడు.