హాస్యగాడి పెళ్లాం

పేరుకే బక్కయ్య గానీ మనిషి నిండు బస్తాలా ఉంటాడు. వారమంతా పత్తి చేలల్లో మందు కొడతాడు. నాటకం ఉన్న రోజున మాత్రం మొహానికి తెల్ల రంగు పూసుకుని, కుచ్చుటోపీ పెట్టుకుని, కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ నవ్విస్తాడు. అతను తెర చాటు నుంచి తొంగిచూస్తే చాలు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అలాంటివాడు ఆ ఆదివారం పొద్దుటి నుంచి ముద్ద మింగలేదు.

కారణం చెల్లెలు కిష్టమ్మ. ఆమెను అదే ఊళ్లో కింది వాడకట్టుకే ఇచ్చారు. మొగుడు మాసన్న రెండేళ్ల కింద పచ్చకామెర్లతో పోయాడు. ఈ ఎండాకాలం మామ కూడా పోయాడు. మామ పేరున ఉన్న పొలమంతా తన ఒక్కడి పేరున చేయించుకోవాలని ఆమె బావ బుచ్చన్న అనుకున్నాడు. నా వాటా నాకొద్దని కిష్టమ్మ సోమవారం తహసీల్దారు ఆఫీసులో వేలిముద్ర వెయ్యాలి. బుచ్చన్న దుర్మార్గుడేం కాదు. తమ్ముడి పెళ్లానికీ బిడ్డకూ ఇన్నాళ్లూ తిండిగింజలు పంపుతూనే ఉన్నాడు. "నేను చూసుకోనా?" అంటాడు, నిజంగానే చూసుకుంటాడనుకోండి. రేపు అతని కొడుకులు చూసుకుంటారా? అదీ అసలు సంగతి.

బక్కయ్య ఒకసారి అడగబోయాడు. "పుట్టింటోళ్ల కన్ను మా పొలం మీద పడ్డదా?" అన్నాడు బుచ్చన్న నలుగురిలో. ఆ సాయంత్రమే కిష్టమ్మ వచ్చి అన్న చేతులు పట్టుకుంది.

"నువ్వు నోరు తెరువకన్నా. ఆ ఇంట్ల బతకాల్సింది నేను."

"పోనీ, కొత్తకోటల వకీలమ్మ ఉన్నది గద. జర పోయి అడుగు."

"ఆ మెట్లెక్కంగ ఒక్కరు చూసినా సాలు, కోర్టుకెక్కిందంటరు."

ఆమె మాటా నిజమే. వకీలు ఉమారాణిది తిమ్మాజిపేట. కొత్తకోటలో హైవే పక్కన టైర్ల దుకాణం మీద గది తీసుకుని, పట్టాలు, వీలునామాలు, బండి ఇన్సూరెన్సు, ఏ సందేహమైనా అడగవచ్చని బోర్డు పెట్టింది. ఏం లాభం? మెట్లు రోడ్డు మీదికే ఉన్నాయి. బస్సు దిగిన ప్రతివాడికీ కనిపిస్తాయి. నెలలు గడిచినా కింద టైర్లు కొన్నవాళ్లే తప్ప పైకి ఎక్కినవాళ్లు లేరు.

సరిగ్గా అప్పుడే ఊరి నాటక సమాజం తెరను ఎలుకలు కొరికేశాయి. సమాజానికి పెద్ద, రాజు వేషం కట్టే కురుమయ్య దాతల కోసం తిరిగి తిరిగి చివరికి ఉమారాణి మెట్లెక్కాడు. కొత్త తెర నేనిస్తానంది ఆమె. ఇక్కడ ఒక ఆచారం ఉంది. తెర ఇచ్చినవాళ్ల పేరు దాని అడుగున రంగుతో రాస్తారు. మొదటి ఆట నాడు వాళ్లను వేదిక మీద కూర్చోబెడతారు, హాస్యగాడు వాళ్లను ఆటపట్టిస్తాడు. అందుకు దాతలెవరూ కోపం తెచ్చుకోరు, ఏమీ అనకపోతేనే తెచ్చుకుంటారు. ఒక రైస్‌మిల్లు యజమాని తన బట్టతల గురించి ఒక్క మాటైనా అనలేదని అలిగి, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. టోపీ నెత్తిన ఉండగా హాస్యగాడు ఏమన్నా, టోపీ తీశాక దాన్ని పట్టుకుని ఎవరూ తగువుకు రాకూడదు. బక్కయ్య ఆశంతా ఆ టోపీ మీదే పెట్టుకున్నాడు. "మేడం, నేనొకటి అడుగుత. మా ఊరోళ్లకు తెలిసేటట్టు చెప్పుండ్రి" అని మాత్రం ఉమారాణితో అన్నాడు.

ఆదివారం పొద్దుగూకగానే ఆట మొదలైంది. తెల్లవార్లూ కూర్చునే ఓపిక ఇప్పుడెవరికుంది? కొత్త తెర మీద నెమలి బొమ్మ, దాని కింద ఉమారాణి పేరు, అడ్రసుకు గుర్తుగా టైర్ల దుకాణం పేరు. నెమలి కోడిపుంజులా ఉందని పిల్లలు ఒకటే నవ్వు. బుచ్చన్న ముందు వరుసలో కాలు మీద కాలేసుకున్నాడు. కిష్టమ్మ ఆడవాళ్ల వైపు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బక్కయ్య ఉమారాణి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఏం మేడం, గింత ఉడకల గుడ నల్లకోటేనా? లోపల అన్నం పెట్టిన్రా ఏంది, ఉడుకుతదని?" జనం గొల్లుమన్నారు, ఉమారాణి కూడా నవ్వింది. అంతలో అతను వేదిక నడిమధ్యన వెల్లకిలా పడిపోయాడు.

"ఏమైందిరా?" అన్నాడు రాజు కురుమయ్య.

"సచ్చిపోయిన మహారాజా."

"సచ్చినోడివి మాట్లాడుతున్నవేంది?"

"పెళ్లాం సంగతి తేలక పానం పోతలేదు." బక్కయ్య తల ఒక్కటి పైకెత్తాడు. "మేడం, నేను సచ్చిన. నా ఎనక మా నాయిన సచ్చిండు. మా అన్న మంచోడే. పొలమంత తన పేరు మీదికి చేసుకుంటడట, ఏలిముద్ర ఎయ్యుమని నా పెళ్లాంతోని అంటుండు. ఎయ్యాల్నా, వద్దా?"

ముందు వరుసలో బుచ్చన్న నవ్వు సగంలో ఆగింది. ఉమారాణి గొంతు సవరించుకుని, "వారసత్వ చట్టం ప్రకారం, మరణించిన వ్యక్తి యొక్క..." అని అందుకుంది.

"ఓ మేడమో! గట్ల చెప్తే నేను మళ్లొకసారి సస్త."

ఈసారి ఆమె తిమ్మాజిపేట మాటలోకి దిగింది. "మొగడు పోతే మొగని వాటా పోదు. అది పెళ్లానిది, పిల్లలది. ఇష్టముంటే ఇయ్యొచ్చు, కానీ ఇచ్చినంక మళ్ల తెచ్చుకునుడు శాన కష్టం. చదివించుకోకుంట ముద్ర ఎయ్యొద్దు. బిడ్డ చిన్నదైతే దాని వాటా తల్లి గుడ వదులుకోరాదు, కోర్టు ఒప్పుకోవాలె."

"మా అన్న పరేషాన్ అయితడు గద?"

"ఎందుకైతడు? చెరొక పట్టా చేసుకుని, సాగు ఆయననే చెయ్యుమను."

ఇక్కడ బక్కయ్య లేచి గంతెయ్యాలి. కానీ పడుకున్నచోటి నుంచి చెల్లెలి మొహం కనిపించింది. అందరూ నవ్వుతున్నారు, ఆమె నవ్వడం లేదు. మాసన్నను కూడా ఇలాగే వాకిట్లో వెల్లకిలా పడుకోబెట్టారని అతనికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ల వేషంలో మొదటిసారి మాట మరిచిపోయాడు.

ఆదుకున్నది ముసలి హన్మమ్మ. "ఓ వకీలమ్మా! హాస్యగాని పెళ్లాం కొడుకు బండి మీదికెల్లి పడి కాలిరిగింది. ఇన్సూరెన్సు వస్తదా?" అని ఆడవాళ్లలోంచి అరిచింది. అది ఆమె కొడుకేనని ఊరందరికీ తెలుసు. ఉమారాణి జవాబు చెప్పీ చెప్పకముందే హాస్యగాడి పెళ్లానికి పింఛను ఆగిపోయింది, ఆధార్‌లో పేరు తప్పు పడింది, పక్కింటివాడు ఆమె గోడ జరిపాడు. రాజుగారు కత్తి పట్టుకుని తన పద్యం కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఆ కత్తి మీదే ఆనుకుని నిలబడ్డాడు. "నాకిన్ని బాధలున్నయని నాకే తెల్వదు" అంది తెర చాటున బక్కయ్య అసలు పెళ్లాం సరోజ.

సోమవారం బక్కయ్య కూలికి పోలేదు. టైర్ల దుకాణం ఎదురు హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు దిగింది కిష్టమ్మ. వెనకే కాగితాల సంచితో బుచ్చన్న. తహసీల్దారు ఆఫీసు దారి పట్టకుండా ఆమె మెట్ల దగ్గర ఆగి ఏదో అంది. బుచ్చన్న తల గోక్కున్నాడు, రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత ఆమే ముందు ఎక్కింది. రోడ్డంతా చూస్తుండగా ఎక్కింది! బక్కయ్యకు కళ్లు చెమర్చాయి, అంత సంతోషం.

కిందికి దిగాక బుచ్చన్న నేరుగా అతని దగ్గరికే వచ్చాడు. "ఏం బావా, సచ్చినోడివి చాయ్ తాగుతున్నవ్? రెండు పట్టాలే చేసుకుంటం. సాగు నాదే. గీ ముచ్చట ముందే చెప్తే అయిపోతుండె గద!" అని, అతని జవాబు కోసం ఆగకుండా బీడీ కోసం పాన్ డబ్బా వైపు వెళ్లాడు. ముందే చెప్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

కిష్టమ్మ అన్న ఎదురుగా కూర్చుని, అతని చల్లారిన చాయ్ తీసుకుని తాగింది.

"అన్నా, సావు ఏషం నీకు బాగలే. మళ్లెప్పుడు ఎయ్యకు."

ఊరందరికీ ఎదురుమాట చెప్పే బక్కయ్యకు ఒక్క మాటే వచ్చింది.

"ఎయ్యనమ్మా."