సుద్దగీత లోపల

మేస్త్రి ఎర్ర కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. కంటికి అందని ఎత్తుపల్లాలు అతని అరచేతికి అందుతాయి. చెయ్యి ఆగిన చోట సుద్దముక్కతో సున్నా చుట్టాడు. సున్నా చుట్టనిదే సుత్తి పట్టడు, ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందునుంచి చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, గీత అంచునుంచి నడిమికి వస్తాడు. పనయ్యాక తడిగుడ్డతో సుద్ద తుడిచేస్తే అక్కడ ఎప్పుడూ ఏమీ జరగనట్టే ఉంటుంది.

అందరూ అతన్ని సొట్టల మేస్త్రి అంటారు. సుత్తి మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. బొటనవేలి గోరు నల్లబడి, మళ్ళీ తెల్లబడటం మానేసింది. నడుము కొంచెం ముందుకు వంగి, నడుస్తున్నా ఏదో వెతుకుతున్నట్టే కనిపిస్తాడు.

ఈ పనిలో ఉన్నవాడికి మనుషుల గుణాలన్నీ రేకుల మీదే కనబడతాయి. ఫోనులో ముచ్చట్లాడుతూ స్తంభాన్ని కౌగిలించుకున్నవాడు, రోడ్డును తాత తన పేరున రాసిచ్చినట్టు అడ్డదిడ్డంగా దూరినవాడు, ముందు ముసలాయన ఉన్నా హారన్ మీంచి చెయ్యి తియ్యనివాడు, అందరూ చివరికి ఈ షెడ్డుకే వస్తారు. వచ్చి ఒకే మాట చెబుతారు, తప్పు ఎదుటివాడిదని. ఎదురుగా గోడ ఉన్నా సరే, గోడే వచ్చి గుద్దిందంటారు.

తొమ్మిదింటికి తెల్ల కారు లోపలికి వచ్చింది. నంబరు చూడగానే మేస్త్రి చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆ నంబరు అతనికి కూతురు పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

కారులోంచి దిగిన పెద్దమనిషి నున్నగా గడ్డం గీసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. చెవి దగ్గరి ఫోను దించకుండానే షెడ్డు ఓనరుతో మాట్లాడాడు.

"గేటు తగిలిందండీ. సాయంత్రం ఐదుకల్లా కావాలి. పోయినసారి మీ దగ్గరే చేయించాను. దెబ్బ తగిలిందంటే ఎవరూ నమ్మలేదు. మళ్ళీ అలాగే ఉండాలి."

"మా మేస్త్రి చెయ్యి అలాంటిదండీ," అన్నాడు ఓనరు, పళ్ళన్నీ బయటపెట్టి.

పెద్దమనిషి మేస్త్రి భుజం తట్టాడు. "నీ చేతిలో ఏదో మాయ ఉందయ్యా."

మేస్త్రి సుత్తి బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి తనని గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు? కోర్టులో కూర్చున్నంతసేపూ ఫోనులోంచి తల ఎత్తలేదు.

రెండేళ్ళ క్రితం ఇదే కారు, ముందు చక్రాన్ని కప్పే ఇదే ఫెండర్ రేకు. అప్పుడు కుక్క అడ్డొచ్చిందన్నాడు. మేస్త్రి నలభై నిమిషాల్లో తీసేశాడు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదని లోలోపల మురిసిపోయాడు కూడా. ఆ రోజే మధ్యాహ్నం ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. ఎర్రదీపం పడి జనం దాటుతుంటే ఒక కారు దూసుకొచ్చి అతని భార్యను పడగొట్టి, ఆగకుండా పోయిందట. పొద్దున్నుంచీ ఆమె ఎవరో ఎవరికీ తెలియకుండా అక్కడ పడి ఉంది. మేస్త్రి వెళ్ళేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

నంబరు చూసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. పోలీసులు కారు తెచ్చి నిలబెట్టారు. దాన్ని చూడగానే మేస్త్రి గుర్తుపట్టాడు. "అయ్యా, దీని సొట్ట నేనే తీశానండీ," అని ఇన్‌స్పెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఫెండర్ మీద చెయ్యి వేసి ఇటునుంచి అటు రాసి చూశాడు. "ఎక్కడయ్యా సొట్ట?" అన్నాడు. చివరికి కోర్టులో ఎర్రదీపం దాటినందుకు జరిమానా వేసి పంపించేశారు. ఆ మనిషి మెట్లు దిగుతూ నవ్వుతూ ఎవరితోనో భోజనం గురించి మాట్లాడాడు.

కుక్క. ఆమెను కుక్క అన్నాడు. రెండేళ్ళుగా ఆ మాట మేస్త్రి గొంతులో ఎముకలా ఉండిపోయింది. దాన్ని మించి నొప్పి ఇంకొకటి. ఆమె మీద పడ్డ దెబ్బను తుడిచేసింది తన చెయ్యే.

చక్రం విప్పాడు. లోపలి బోల్టులు తీసి, ఫెండర్‌ను దించి, బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అరచెయ్యి ఆగింది. గేటు కాదు. గేటైతే నిలువునా గీరుకుపోతుంది. ఇది గుండ్రంగా, లోతుగా, పిడికిలి పట్టేంత ఉంది. సైకిలు హ్యాండిల్. దాని కింద సన్నగా, పొడుగ్గా నీలం రంగు అంటుకుని ఉంది.

టీ వేళకు రంగులు కొట్టే బావమరిది పక్కన కూర్చున్నాడు. భార్య తమ్ముడు. ఫోను చూస్తూ అన్నాడు. "బావా, తెల్లారుజామున వంతెన దగ్గర ఆసుపత్రి ఆయమ్మని ఎవడో గుద్దేసి పోయాడట. డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికెళ్తోందట పాపం. ఇంకా తెలివి రాలేదట."

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

"ఇలాంటివాళ్ళని ఉరి తియ్యాలి బావా."

"ఉరి తీస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది," అన్నాడు మేస్త్రి. "లైసెన్సు చింపేసి, కారు లాగేసుకుని, జన్మంతా కాళ్ళ మీద నడిపించాలి. రోజుకి పదిసార్లు రోడ్డు దాటించాలి. వాడిలాంటివాళ్ళ మధ్యలోంచి."

మధ్యాహ్నం కూతురు కట్టిచ్చిన అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. తీసిన చక్రం పక్కనే ఐదు నట్లు వరసగా ఉన్నాయి. చూపు మాటిమాటికీ వాటి మీదికే పోతోంది. రేకు బాగుచేసి బిగించి, చక్రం పెట్టి, రెండు నట్లు వదులుగా వదిలేస్తే చాలు. వంతెన కూడా దాటడు. ఆ ఊహకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఆ హాయికి అతను సిగ్గుపడలేదు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆకలేసింది.

ఊడిన చక్రం ఎటు దొర్లుతుందో అప్పుడు ఆలోచించాడు. వంతెన దగ్గర బస్సు కోసం జనం నిలబడతారు. పొద్దున "రోడ్డు చూసి దాటు నాన్నా" అని రోజూ చెప్పే కూతురు కుట్టుపని ముగించుకుని అక్కడే బస్సెక్కుతుంది.

నట్లు తీసి సామాన్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని సొట్ట చుట్టూ సున్నా గీశాడు. ఎప్పటికంటే నిదానంగా, తెంపు లేకుండా గీశాడు. సుత్తిని గోడ మేకుకు తగిలించి, అన్నం డబ్బా ఒక చేత పట్టుకుని, ఫెండర్‌ను భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికి మేస్త్రీ? ఐదుకి బండి ఇవ్వాలి!" ఓనరు అడ్డం వచ్చాడు.

"పోలీస్ స్టేషన్‌కి."

ఓనరు ముఖం మాడిపోయింది. "పిచ్చా నీకు? గడప దాటావంటే మళ్ళీ లోపలికి రాకు."

"రాను," అన్నాడు మేస్త్రి.

స్టేషన్ దాకా అరగంట నడక. వెనకనుంచి హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతూనే ఉన్నాయి. ఎడమ చెవి వినపడకపోవడం ఆ ఒక్కరోజు కలిసొచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఆయనే. జుట్టు నెరిసింది. మేస్త్రి ఫెండర్‌ను బల్ల మీద దించి, కారు నంబరు చెప్పి, కారు ఎక్కడుందో చెప్పి, వంతెన దగ్గర పడ్డ ఆయమ్మ సంగతీ రేకుకు అంటిన నీలం రంగు సంగతీ చెప్పి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పోలీసు చెయ్యి అలా పట్టుకోకూడదని తెలుసు. అయినా పట్టుకున్నాడు.

"ఎక్కడయ్యా సొట్ట అన్నారు. తడమండి."

ఆ చేతిని సుద్దగీత లోపలికి నొక్కాడు. ఇన్‌స్పెక్టరు పిడికిలి అందులో సరిగ్గా కూర్చుంది. ఆయన నవ్వలేదు. చెయ్యి వెంటనే తియ్యనూ లేదు.

ఇద్దరు కానిస్టేబుళ్ళు షెడ్డుకు బయల్దేరారు. స్టేషన్లో రాతపని చూసే రైటరు ఆసుపత్రికి ఫోను చేశాడు. కొంచెంసేపు విని, "మూడున్నరకు పోయిందా?" అని రాసుకుని, ఫోను పెట్టేసి, నీలం సైకిలే అన్నాడు.  మేస్త్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఐదున్నరకు స్టేషన్ ఎదురుగా రోడ్డు అవతల పెద్దమనిషి కనిపించాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ, కాలినడకన. ఎర్రదీపం పడింది. ముగ్గురూ రోడ్డులోకి దిగారు. ఒక కారు దీపాన్ని లెక్కచెయ్యకుండా దూసుకొచ్చింది. పెద్దమనిషి గావుకేక పెట్టి వెనక్కి గెంతాడు. కళ్ళద్దాలు జారి రోడ్డు మీద పడి నలిగిపోయాయి. ఆ బెదురు చూసి మేస్త్రికి కడుపు నిండింది. ఇంకా చూడాలనిపించింది. రోజుకి పదిసార్లు, జన్మంతా.

తర్వాత సంతకం పెట్టి, అన్నం డబ్బా పట్టుకుని, కూతురు బస్సెక్కే చోటికి నడిచాడు. రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళాలో తెలియదు.

స్టేషన్ గోడకు ఫెండర్ ఆనించి ఉంది. సుద్దగీత లోపల సొట్ట సొట్టలాగే ఉంది, ఒక్క సుత్తి దెబ్బ కూడా లేకుండా.