మూడో గడి

రొట్టెల బట్టీలో మేస్త్రిగా పనిచేసే ఆవిడ బరువు నూట పన్నెండు కిలోలు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ కథలో గొడవంతా దాన్ని ఎవరూ చెప్పకపోవడం వల్లే వచ్చింది. యాభై కిలోల పిండిబస్తాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని రెండో చేత్తో తలుపు గొళ్లెం తీసే మనిషి. ఆవిడ బల్లమీద పిండి బాదుతుంటే వీధి చివరింట్లో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు పోయేదని చెప్పుకునేవారు. శుద్ధ అబద్ధం. రెండు నిమిషాలే పోయేది.

ఆవిడకున్న పిచ్చల్లా ఒక్కటే, కొండ సైకిలు. ఊరి వెనక రాళ్లకొండ మీంచి ఏటా దిగుడు పందెం జరుగుతుంది. ఆ దారి మధ్యలో పళ్లవరస అనే చోటుంది. పేరుకు తగ్గట్టు రాళ్లన్నీ నోరు తెరుచుకుని, ఎవరొస్తారా నములుదామని కూర్చుంటాయి. మేకలు కూడా అక్కడ ఒకదాని తోక ఒకటి పట్టుకుని దిగుతాయి. వరసగా రెండేళ్లు ఆవిడ పందెం అక్కడే ఆగిపోయింది. మొదటి ఏడు వెనక చక్రం మెలితిరిగి ఎనిమిది అంకె అయింది. రెండో ఏడు రిమ్ము రేకుడబ్బాలా మడతపడి దారికి అడ్డం పడుకుంది. వెనకొచ్చేవాళ్లు పావుగంట సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ పావుగంటలో వాళ్లు నవ్విన నవ్వు ఆవిడకి ఇంకా చెవుల్లోనే ఉంది.

మూడో ఏడు పందెం నడిపే పెద్దమనిషి బట్టీకొచ్చాడు. రెండు రొట్టెలు తీసుకున్నాడు, బాగున్నాయన్నాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. ఈసారి పందెంలో దిగకుండా, కొండ కింద మంచినీళ్ల బల్ల దగ్గర నిలబడితే అందరికీ హుషారుగా ఉంటుందట.

ఆవిడ చేతులకున్న పిండి దులుపుకుంది.

"నీళ్లు నేను తాగుతానండీ. అందించేవాళ్లని వేరే చూసుకోండి."

పెద్దమనిషి రొట్టెల పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆపైన ఒక షరతు పెట్టాడు. పందేనికి వారం ముందు, తను చూస్తుండగా ఆవిడ పళ్లవరస దిగాలి. దిగాక చక్రం స్టాండుకెక్కించి తిప్పితే వంకర కనపడకూడదు. కనపడకపోతే దరఖాస్తు కాగితం తన చేత్తోనే ఇస్తాడు. కనపడితే మాత్రం నీళ్ల బల్లే.

ఆవిడ నేరుగా బావ దుకాణానికి నడిచింది. బావంటే ఆవిడ అక్క మొగుడు, ఊరి సైకిలు మెకానిక్కు. స్పోకుకీ స్పోకుకీ మధ్యలోంచి దూరిపోయేంత సన్నటి మనిషి. చక్రానికి బెండు, అంటే వంకర, తియ్యడంలో మొనగాడు. స్పోకుని గోటితో మీటి, ఆ మోత విని ఎంత బిగువులో ఉందో చెప్పేస్తాడు. మరదలు గడప తొక్కడం ఆలస్యం, ఈసారి రోడ్డు రోలరు చక్రాలు వేద్దామా అని మొదలుపెట్టాడు. ఆవిడ నవ్వలేదు. పోయిన రెండుసార్లూ రిమ్ములు ఏ లెక్కన తెప్పించావో చూపించమంది.

బావ మేకుకి గుచ్చిన కాగితాల్లోంచి పాత ఆర్డరు కాగితం లాగాడు. అందులో "తొక్కేవారి బరువు" అన్న చోట రెండే గడులున్నాయి. ఒకదాంట్లో ఎనిమిది, ఒకదాంట్లో అయిదు.

"ఎనభై అయిదా? ఎవరు బావా ఈవిడ?"

బావ, దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి వచ్చి నిలబడ్డ అక్క వైపు చూశాడు. అక్క చూరువైపు చూసింది. మెల్లగా ముడి వీడింది. కాగితం రాసేటప్పుడు ఉన్నవి రెండు గడులే కదాని మరదలే తొంభై ఎనిమిది వెయ్యమంది. రాసిన అక్కకి చెల్లెలి పరువు గుర్తొచ్చి దాన్ని తొంభై చేసింది. పంపే ముందు బావ చూసి, రిమ్ములు అమ్మేవాడు తన మరదల్ని వేళాకోళం చేస్తాడేమోనని ఎనభై అయిదుకి దించాడు. ఒక్క పూట కూడా పస్తు పెట్టకుండా ముగ్గురూ కలిసి మనిషిని ఇరవై ఏడు కిలోలు తగ్గించేశారు. ఎనభై అయిదు కిలోల మనిషి కోసం పుట్టిన రిమ్ము నూట పన్నెండు కింద నలగక ఏం చేస్తుంది?

ఆవిడ బల్లమీది సుద్దముక్క తీసుకుని వీధిలోకి నడిచింది. దుకాణం తలుపు మీద, దారిన పోయేవాళ్లందరికీ కనపడేలా మూరెడు అంకెలతో 112 అని రాసింది. మందుల షాపతను తల బయటపెట్టి మరీ చదివాడు. అక్క పరుగెత్తుకొచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ అంకెలకి ఒక అరచెయ్యి ఏం చాలుతుంది.

"చెరిపావంటే ఎదురు గోడ మీద రాస్తానక్కా. అది ఇంకా పెద్ద గోడ."

బావ తలుపుని కాసేపు చూశాడు. ఆటపట్టించే ముఖం పోయి పనివాడి ముఖం వచ్చింది. సుద్దముక్క అందుకుని కింద సైకిలుకి పదిహేను, హెల్మెటుకీ మోకాలి తొడుగులకీ నీళ్లసీసాకీ కలిపి నాలుగు వేశాడు. మొత్తం నూట ముప్పై ఒకటి. రిమ్ము మొయ్యాల్సింది మనిషి ఒక్కదాన్నే కాదు, మనిషి తగిలించుకున్న ప్రతిదాన్నీ అన్నాడు. రిమ్ములు అమ్మేవాడికి ఫోను చేసి అంకె గట్టిగా చెప్తే, ఇద్దరు తొక్కే సైకిలా అని అడిగాడట అవతలివాడు. కాదు, ఇద్దరి పెట్టు మా మరదలు అన్నాడట బావ.

వచ్చిన రిమ్ములు రిమ్ములు కావు, కోటగోడలు. లోతైన అంచు, మందమైన గోడ, చక్రానికి ముప్పై ఆరేసి స్పోకులు. బావ రెండు రోజులు కూర్చుని బిగించాడు. మీటితే స్పోకులు కీచుగొంతుతో పలికాయి. రెండు చేతులతో పట్టి పక్కకి వంచబోతే అతని నడుమే పట్టేసింది గానీ రిమ్ము వెంట్రుకవాసి కదల్లేదు. ఇక తిరుగులేదన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురూ పళ్లవరసకి పోయారు. ఆవిడ మొదటి రాయి దాటింది, రెండోది దాటింది. మూడో రాయికి ముందు చక్రం తగలగానే, గోడకేసి కొట్టిన బంతిలా ఎగిరి పక్కకి తిరిగింది. సైకిలు ఒక దారీ ఆవిడ ఒక దారీ అయ్యారు. ఆవిడ పడ్డ పొదలో నిద్రపోతున్న కుందేలు లేచి తీసిన పరుగు మళ్లీ ఆగినట్టు ఇప్పటిదాకా కబురు లేదు. అక్క అమ్మో అంటూ దిగింది. బావ మాత్రం ముందు చక్రం దగ్గరికి పోయి తిప్పి చూసి వెలిగిపోతున్న ముఖంతో తిరిగాడు.

"చక్రం చెక్కుచెదరలేదు మరదలా."

"నేను చెదిరాను బావా."

ఇంటికొచ్చాక, గీరుకుపోయిన మోచేతికి మందు రాయించుకుంటూ, ఆవిడ తన అరచేతులనే చూస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్లుగా ఆ చేతులు చేసే పని ఒకటే. పిండి మరీ గట్టిగా ఉంటే చేతికి ఎదురు తిరుగుతుంది, మరీ మెత్తగా ఉంటే కాళ్లు చాపేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న చోటు కళ్లకి కనపడదు, అరచేతికే తెలుస్తుంది. కొండమీద మూడో రాయి దగ్గర ఆ చేతులకి తగిలింది గట్టిపిండి.

ముందు చక్రం మార్చమంది. వెనకది కోటగోడలాగే ఉండనీ, తన బరువు కూర్చునేది దాని మీద. ముందు రిమ్ము మాత్రం ఒక మెట్టు పలచనిది కావాలి, స్పోకులు ముప్పై రెండు చాలు, అవి కూడా నడుం దగ్గర సన్నగా ఉండేవి. అది రాయిని తడిమి చూసుకుని దాటాలి గానీ రాయితో పోట్లాడకూడదు.

బావకి పట్టరాని కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా చక్రాలు కడుతున్నది ఎవరు, రొట్టెలు కాల్చుకునేది ఎవరు అన్నాడు. ఇంత బరువుకి పలచటి రిమ్ము వేశాడని తెలిస్తే ఊళ్లో మెకానిక్కులంతా తన దుకాణం ముందు నిలబడి నవ్విపోతారన్నాడు.

"నవ్వితే నేను అలవాటు చేస్తాలే, రెండేళ్ల అనుభవం ఉంది. బరువు చెప్పింది నేను. బిగువు కూడా నేనే చెప్తా. కట్టడం నీ పని."

బావ కట్టాడు. కానీ మాట మానేశాడు. పక్కనే నిలబడ్డ మరదలితో ఏదైనా చెప్పాలంటే వంటింట్లో ఉన్న పెళ్లాన్ని కేకేసేవాడు: మీ చెల్లెలికి చెప్పు, స్టాండు మీద చెయ్యి తియ్యమని. అక్క లోపల్నుంచే, విన్నదిలెండి అనేది. ఎంత అలిగినా స్పోకు స్పోకుకీ చెవి ఆనించి విన్నాడు. అలక మరదలి మీద గానీ చక్రం మీద కాదు.

షరతు రోజు పొద్దున్నే పెద్దమనిషి గొడుగూ కాగితాల సంచీ పట్టుకుని పళ్లవరస కింద నిలబడ్డాడు. బావ స్టాండు మోసుకొచ్చి ఒక బండమీద పెట్టాడు. అక్క కళ్లు మూసుకుంది. కిందనుంచి ఎవరో, అంబులెన్సుకి చెప్పారా అని అరిచారు. ఆ మాట పైదాకా వినపడింది. ఆవిడ బ్రేకులు వదిలేసింది.

మొదటి రాయి. రెండోది. మూడోది వచ్చింది. ముందు చక్రం రాయికి తగిలింది, ఒక్క పిసరు ఒదిగింది, ఎక్కింది, దాటింది. అరచేతులకి ఆ కబురు అందింది, సరిగ్గా పులిసిన పిండి అందించే కబురే. వెనక నూట ముప్పై ఒక్క కిలోలూ ధనామని పడ్డాయి. వెనక చక్రం గుటక వేసినట్టు ఒక శబ్దం చేసి ఊరుకుంది. మిగతా రాళ్లు ఆవిడకి లెక్క తెలియలేదు. కొండ కింద ఆగేసరికి పెద్దమనిషి గొడుగు తిరగబడి ఉంది. అది గాలికే అని అతను తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

చక్రాలు స్టాండుకెక్కాయి. పెద్దమనిషి వంగి, కళ్లజోడు సర్దుకుని, రిమ్ముకీ, దాని అంచు పక్కనే నిలబడే స్టాండు ముల్లుకీ మధ్య కాగితం దూర్చి తిప్పాడు. ముందుది ఎక్కడా రాసుకోలేదు. వెనకది కూడా రాసుకోలేదు గానీ అంచు మీద ఒకచోట చిన్న సొట్ట ఉంది. దాన్ని వేలితో తడిమి కనుబొమలు ఎగరేశాడు.

"ఆ సొట్ట రాయికి పడాల్సిందండీ. మొహమాటపడి మా రిమ్ము తీసుకుంది," అన్నాడు బావ. ఆ తర్వాత, నాలుగు రోజుల మీదట, మరదలి ముఖంలోకి చూసి మాట్లాడాడు. "ముందు చక్రం సంగతిలో నీదే రైటు."

పెద్దమనిషి మాటంటే మాటే. దరఖాస్తు తీసిచ్చాడు. ఆవిడ బండమీద పెట్టుకుని నింపుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. తొక్కేవారి బరువు. అక్కడా రెండే గడులు.

పెద్దమనిషి ముందుకి వంగి గొంతు తగ్గించి, తొంభై తొమ్మిది వేసెయ్యండమ్మా, ఎవరు చూడొచ్చారు అన్నాడు. అక్క పెన్ను కోసం చెయ్యి చాపబోయి, చెల్లెలి ముఖం చూసి వెనక్కి తీసుకుంది.

ఆవిడ రెండు గడుల పక్కన మూడు గీతలు గీసి ఇంకో గడి కట్టింది. బండ గరుకుకి ఒక గీత పక్కకి పోయింది.

బావ మెడ సాచి చూశాడు. "బెండుంది మరదలా. తియ్యనా?"

"వేలు పెట్టావంటే ఊరుకోను," అంది ఆవిడ, మూడు గడులూ నింపుతూ.