వెలగవలస గడ్డాలు

నేను ఒక సెలూన్ కుర్చీని. కుర్చీ అనగానే నాలుగు కాళ్ల మీద నిలబడి, ఎవరొస్తే వాళ్లని మోసే మామూలు సరుకు అనుకోకండి. నేను గిర్రున తిరుగుతాను, వెనక్కి వాలుతాను. తల ఆనించుకోవడానికి దిండు, పాదాలు పెట్టుకోవడానికి ఇనుప మెట్టు కూడా ఉన్నాయి. రాజుగారి సింహాసనానికైనా ఇన్ని సదుపాయాలు ఉండవు. పైగా దాని మీద ఒక్కడే కూర్చుంటాడు, నా మీద ఊరంతా కూర్చుంటుంది.

విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను అతికిన వెల్డరు పని కాగానే నా మీదే కూర్చుని బీడీ వెలిగించి, చుట్టూ తిరిగి చూసి, "బాగుంది" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఇంకెవరూ అనలేదు. కుర్చీ బాగున్నంతకాలం మనిషికి అది గుర్తుండదు. కిర్రుమంటేనే గుర్తొస్తుంది.

మొదట నన్ను కొన్నవాడు పళ్ల డాక్టరు. అసలైన పళ్ల కుర్చీకి స్తోమత లేక నాతో సరిపెట్టుకున్నాడు. అక్కడ నా మీద కూర్చున్నవాళ్లందరూ నోరు తెరిచేవాళ్లు గాని మాట వచ్చేది కాదు. కొన్నాళ్లకి ఆయన దుకాణం ఎత్తేస్తే కూర్మారావు నన్ను కొని, బస్సు టాపు మీద కట్టించి విజయనగరం అవతల ఉన్న వెలగవలసకి తెచ్చుకున్నాడు. ఇక్కడా నోళ్లు తెరుచుకుంటాయి. మూసుకోవడమే ఉండదు.

కూర్మారావు చెయ్యి మంచిది. నిద్రపోతున్నవాడికి గడ్డం గీసినా వాడి కల చెదరదు. అయితే చేతికి ఉన్న నిదానం నోటికి లేదు. పైగా కబడ్డీ పిచ్చి. వెలగవలసలో ఒక జూట్ మిల్లు ఉంది, ఆ మిల్లుకి 'వెలగవలస పులులు' అని ఒక జట్టు ఉంది. ఆ జట్టు ఫొటో నా ఎదురుగా అద్దం పక్కనే వేలాడుతుంది. ఒక దసరాకి కూర్మారావు భక్తి పట్టలేక దానికి పూలదండ వేస్తే, ఆయన భార్య దాలమ్మ వచ్చి చూసి, "బతికున్నోల్లకి దండేస్తారేటయ్యా!" అని తెంపి పారేసింది.

ఆ ఏడు జిల్లా పోటీల్లో పులులు మొదటి ఆట ఓడిపోయాయి. ఆదివారం ఓడితే మంగళవారం విచారణ పెట్టారు. మంగళవారం సెలూన్‌లో కత్తికి సెలవు, నాలుకకి కాదు. మిల్లులో మగ్గాల మేస్త్రీ సన్యాసినాయుడు ఎప్పటిలాగే నన్ను ఆక్రమించాడు. చిన్నాపెద్దా అందరికీ ఆయన మావే. రిటైరైన డ్రిల్లు మాస్టారు గవరయ్య బెంచీ మీద, పోస్ట్‌మాన్ జగ్గారావు గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఓటమికి బాధ్యులెవరన్నది తేలాలి.

కెప్టెన్ తవిటినాయుడికి కొత్తగా పెళ్లయిందని ఒకరు, మిల్లు క్యాంటీన్ ఇడ్లీలు బరువెక్కాయని ఒకరు, రిఫరీకి ఒక కన్నే పనిచేస్తుందని ఇంకొకరు అన్నారు. అవతలివాళ్లు మనకంటే బాగా ఆడి ఉంటారన్న ఊహ ఒక్కరికీ రాలేదు. అభిమానం అంటే అదేనేమో.

మాటా మాటా పెరిగింది. "ఆల్లని కాదు, మనల్ననాలి! మనకి పట్టుదల నేదు," అన్నాడు సన్యాసినాయుడు నా చేతిని గుద్దుతూ. ఆ గుద్దుకి నాకు నొప్పి పుట్టింది, కూర్మారావుకి ఆవేశం పుట్టింది. అరలోంచి కత్తి తీసి అద్దం ముందు పెట్టి, "పైడితల్లమ్మ సాచ్చిగా సెప్తన్నాను. మన పులులు ఒక్క ఆట గెలిసేదాకా నా సెయ్యి ఏ గెడ్డానికీ ఆనదు!" అనేశాడు. చప్పట్లు మారుమోగాయి. "అయితే ఆటాడేవోల్లు తప్ప ఎలగవలసలో ఏ మగోడూ ఎక్కడా గెడ్డం గియ్యించుకోడు!" అని సన్యాసినాయుడు ఊరి తరఫున కూడా మొక్కేశాడు.

వచ్చే ఆదివారం గెలుస్తారు కదా, అయిదు రోజుల ముచ్చటే అనుకున్నారు అందరూ. ఆ ఆదివారం ఓడారు. ఆ పై ఆదివారం ఇంకా ఘోరంగా ఓడారు.

ఊరు నెమ్మదిగా మునుల ఆశ్రమంలా తయారైంది. బస్సు దిగిన పరాయి ఊరివాళ్లు, "ఏటీ, ఈ ఊర్లో ఆడోల్లందరూ ఒక్కసారే నీల్లోసుకున్నారేటి?" అని ఆశ్చర్యపోయేవారట. కడుపుతో ఉన్న భార్య కోసం గడ్డం పెంచే ఆచారం ఈ వైపు ఉంది మరి. ఒక పెళ్లికొడుకు గడ్డంతోనే తాళి కట్టాడు. పెళ్లికూతురి అమ్మమ్మ అతన్ని పురోహితుడనుకుని సంభావన చేతిలో పెట్టింది.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, కూర్మారావు ఇంట్లో పొయ్యి నవ్వలేదు. గడ్డాలు పెరిగేకొద్దీ ఆయన బేరం తరిగింది. నెలకోసారి జుట్టు కత్తిరించినంత మాత్రాన ఇల్లు గడవదు. జనం మాత్రం రోజూ వచ్చేవారు. నా మీద ఉచితంగా కూర్చుని, ఉచితంగా పేపరు చదివి, గడ్డాలు గోక్కుంటూ ఓటమికి కారణాలు వెతికేవారు. మొక్కింది తనే కాబట్టి కూర్మారావు నోరెత్తలేడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోరు చేసిన పనికి ఊరు ఊరంతా ముళ్లకంపైంది. "దేవుడికి తలనీలాలిస్తామని మొక్కుకున్నోల్లని సూసినాను గాని, కూడు మానీస్తానని మొక్కుకున్న కత్తిసెయ్యిని నిన్నే సూసినాను," అనేది దాలమ్మ.

విచారణ మాత్రం ఆగలేదు. దోషి దొరకడం, వాణ్ణి తప్పించడం, ఆదివారం మళ్లీ ఓడడం, ఇదే వరస. గవరయ్య మాస్టారు దిక్సూచి పట్టుకెళ్లి మైదానం ఈశాన్యం మూల తెగిందని తేల్చారు. అక్కడ మట్టి పోయించారు. తర్వాత తప్పు పసుపు బనియన్లదని ఎరుపు కుట్టించారు. ఎరుపు వెలిసి గులాబీ రంగులోకి దిగిందే తప్ప గెలుపు రాలేదు. తర్వాత తప్పు తవిటినాయుడి భార్యదైంది. ఆమెని పుట్టింటికి పంపమని పెద్దమనుషులు వెళ్లి అడిగితే, ఆమె మారుమాట లేకుండా సంచీ సర్దుకుని సంతోషంగా వెళ్లింది. తవిటినాయుడు ఆ వారం కూతకి వెళ్లి కూత మరిచిపోయాడు.

చివరికి చూపులన్నీ జగ్గారావు మీద పడ్డాయి. పాపం, పులులు ఆడిన ప్రతి ఆటకీ వెళ్లినవాడు ఆయన ఒక్కడే. "ఐరన్ లెగ్గు," అని తీర్పు చెప్పాడు సన్యాసినాయుడు. జగ్గారావు కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ ఆదివారం ఊరి చివర రైలుగేటు అవతలికి పోయి కూర్చున్నాడు. అయినా ఓడారు. "గేటు సాలదు, ఇంకా దూరం ఎల్లవలసింది," అన్నారు. ఆయన ఉత్తరాల సంచీ అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దిగిపోయాడు. మనుషుల మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నా ఇనుప మెట్టుకి ప్రాణం ఉంటే ఆ రోజు సన్యాసినాయుడి కాలు నలిగేది.

ఇక మిగిలింది ఒక్క ఆట, పాలతేరు జట్టుతో. అదీ ఓడితే మళ్లీ పోటీలు వచ్చే ఏడే. అప్పటిదాకా కత్తి పట్టకుండా ఎవరు బతుకుతారు? పాత ఇనుము కొనేవాడు తోపుడుబండి గుమ్మంలో నిలిపి నన్ను ఎగాదిగా చూశాడు, నా చెయ్యి ఒకటి ఎత్తి బరువు అంచనా కట్టాడు. కూర్మారావు నా దిండు మీద లేని దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. "ఆదివారం ఆట కానీ. ఓడిపోతే సోమారం వచ్చి ఒట్టుకెల్లిపో," అన్నాడు చివరికి. ఆ క్షణం నుంచి పులుల కోసం నా అంతగా దేవుణ్ణి వేడుకున్న అభిమాని వెలగవలసలో లేడు.

ఆదివారం మధ్యాహ్నం, ఆటకి ఇంకా వేళ ఉండగా, కెప్టెన్ తవిటినాయుడు ఒంటరిగా వచ్చి నా మీద కూలబడ్డాడు. గడ్డం పిడికిట్లో పట్టేంత ఉంది. ఆటగాళ్లకి మొక్కు లేదు నిజమే, కానీ ఊరంతా గడ్డంతో ఉంటే ఓడినవాడు నున్నటి మొహంతో వీధిలో ఎలా తిరుగుతాడు?

"కూర్మన్నా, గీసీ," అన్నాడు.

"ఏట్రా ఆ మాట! మొక్కుంది కదరా."

"ఆ మొక్కే మమ్మల్ని ముంచీసినాది. నాను కూతకెల్తాను, ఒకణ్ణి తాకుతాను. ఎనక్కి తిరిగేసరికి ఆల్లు కాలూ పట్టుకోరు, నడుమూ పట్టుకోరు. గెడ్డం పట్టుకుంతన్నారు. గుంపులో రిఫరీకి అవుపడదు. ఆ నొప్పికి కూత ఆగిపోతంది. మావోల్లందరికీ ఇదే వరస."

"మరి ముందే సెప్పలేదేటి?"

"సిగ్గేసినాది. పులిని గెడ్డం ఒట్టుకుని ఈడ్సుకెల్లినారంటే ఊరు నవ్వదేటి?"

కూర్మారావు గోడకి జారబడ్డాడు. ఈశాన్యం, బనియన్లు, ఆ అమ్మాయి, జగ్గారావు, ఇంతమందిని పట్టుకుని విచారించారు. తీరా దోషి ఆయన నాలుక. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్నట్టు, గెలిస్తే గాని గియ్యకూడదు, గీస్తే గాని గెలవరు.

ఈలోగా సన్యాసినాయుడూ గవరయ్య మాస్టారూ వచ్చారు. సంగతి విని మాస్టారు తల పట్టుకున్నారు. "అమ్మవారి పేరు మీద అన్నావు కూర్మారావూ, తప్పితే ఊరికి అరిష్టం," అన్నారు. "ఓడితే ఓడీమను, మొక్కు మాత్రం తప్పడానికి నేదు," అన్నాడు సన్యాసినాయుడు. తవిటినాయుడు గడ్డంలో మొహం దాచుకున్నాడు. కూర్మారావు కత్తి వైపు చూస్తాడు, గోడ మీది పైడితల్లి అమ్మవారి పటం వైపు చూస్తాడు, తర్వాత నా వైపు చూస్తాడు. చెంపల మీద నీళ్లు కారి గడ్డంలోకి ఇంకిపోతున్నాయి. ఆయనకి ఏదైనా చెప్పాలని నాకు ఎంతగానో అనిపించింది. కిర్రుమనడం తప్ప నాకేం చేతనవును?

దాలమ్మ గంజి క్యారేజీతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. క్యారేజీ బెంచీ మీద పెట్టి, చీర కొంగు బొడ్లో దోపింది. నేరుగా వచ్చి అద్దం ముందున్న కత్తి అందుకుంది.

"మొక్కిందెవులు? ఈయన. నానేటీ మొక్కనేదు. తవిటీ, తలెత్తు."

"ఓలమ్మ, ఆడకూతురు గెడ్డం గీడమేటి!" అన్నాడు సన్యాసినాయుడు.

"అయితే నువ్వెల్లి కూత కుయ్యి మావా."

సన్యాసినాయుడు పొట్ట చూసుకుని బెంచీ వైపు జరిగాడు.

దాలమ్మ పుట్టింట్లో తండ్రి దగ్గర కత్తి నూరడం నేర్చుకుంది గాని, గీయడం అదే మొదలు. తవిటినాయుడు నా చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. అంత భయపడిన మనిషిని నేను పళ్ల డాక్టరు దగ్గర కూడా మోయలేదు. కూర్మారావు చేతులు వెనక్కి కట్టుకుని, "పడుకోబెట్టు, కత్తి పడుకోబెట్టు, సర్మం లాగి పట్టు," అని గాలిలోనే గీసేస్తున్నాడు. "నువ్వు నోరిప్పకు. నోరిప్పే ఇంతదాకా తెచ్చినావు," అన్నది ఆమె. మొదటి చెంప గరుకుగా వచ్చింది, రెండో చెంప బాగా వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు పులులందరూ పరుగున వచ్చి కూర్చున్నారు. గాట్లకి పటిక రాసి, దూది అంటించి పంపింది. ఆ పూట వెలగవలస పులులు మైదానంలోకి దిగితే, కోడిపిల్లలు ఈకలు రాల్చుకుని వచ్చాయని పాలతేరువాళ్లు నవ్వారట.

కూర్మారావు ఆటకి వెళ్లలేదు. నా దిండు పట్టుకుని నిలబడి, మైదానం నుంచి మైకులో వినబడేదానికి చెవి ఒగ్గాడు. స్కోరు సమానం. చివరి కూతకి తవిటినాయుడు వెళ్లాడు. ఒకణ్ణి తాకి తిరిగాడు. పాలతేరువాడు వారమంతా సాధన చేసిన అలవాటు కొద్దీ గడ్డం కోసం చెయ్యి చాపాడట. అక్కడ సబ్బు జిడ్డు తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి జారిపోయింది. తవిటినాయుడు గీత దాటాడు. మైకులో అరుపు, మైదానంలో అరుపు, తర్వాత ఊరంతా అరుపు. కూర్మారావు నన్ను రెండు చేతులా కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు సిగ్గూ ఆనందమూ రెండూ కలిగాయి.

మరుసటి రోజు తోపుడుబండివాడు చెప్పిన వేళకే వచ్చాడు. వరసలో నిలబడమన్నారు. వాడి గడ్డం కూడా పెరిగే ఉంది. వరస మిల్లు గేటు దాకా సాగింది. ఒక చెయ్యి చాలక, కూర్మారావు స్టూలు మీద కొందరిని కూర్చోబెడితే, దాలమ్మ నా దగ్గర నిలబడి తక్కినవాళ్ల సంగతి చూసింది.

గడ్డాలు రాలుతుండగానే కొత్త విచారణ మొదలైంది. గెలుపు ఎవరి వల్ల? ఈశాన్యం సరిచేయించిన తన వల్లే అన్నారు గవరయ్య మాస్టారు. గేటు దాటి ఇంకా ముందుకెళ్లి కూర్చున్న తన వల్లే అన్నాడు జగ్గారావు. ఆయనని ఎవరూ కాదనలేదు, అందుకు నాకు తృప్తి కలిగింది. సన్యాసినాయుడు నా మీద వెనక్కి వాలి, మెడ నిండా నురగతో, తన తీర్పు వినిపించాడు.

"ఏటీ కాదురా. అమ్మోరి మొక్కు గెలిపించినాది. మన గెడ్డాలు గెలిపించినాయి. వొచ్చే ఏడు ఓడేదాకా ఆగనక్కర్నేదు, మొదటి ఆట నుంచే అందరం…"

వరసలో వాళ్లు ఈలలు వేశారు. కూర్మారావు కళ్లు కూడా మెరిశాయి. నోరు సగం తెరిచాడు.

దాలమ్మ కత్తి సన్యాసినాయుడి గొంతు మీద ఆగింది.

"సరిగ్గా ఇనబడనేదు మావా. మల్లీ సెప్పు."

సన్యాసినాయుడు అద్దంలో ఆమెని చూశాడు, కత్తిని చూశాడు, మళ్లీ ఆమెని చూశాడు.

"ఏటీ నేదమ్మా," అన్నాడు పెదాలు కదలకుండా. "మీసం మట్టుకు ఉంచీ."