పదమూడో దినం గడప దాటించినాను

సంచిలో ముందు పాత చీర గుడ్డలు పెట్టినాను. ఆపైన వేడినీళ్ళ ఫ్లాస్కు, స్కాన్ కాగితాలు, అన్నిటికీ పైన నా కోడలు ఇర్ఫానా నైటీలు రెండు. మా ఆడబిడ్డ మస్తాన్‌బీ వచ్చి ఆ నైటీలు తీసి మంచం మీద వేసింది.

మనవడు పుట్టి పదమూడు దినాలు. పాలు తాగుతుంటే ఒళ్ళంతా చెమట, పెదవులు నేరేడు పండు రంగు. గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళాలు రెండూ ఒకదాని చోట ఒకటి పుట్టినాయనీ, ఈ వారంలోనే మద్రాసులో ఆపరేషన్ చెయ్యాలనీ నెల్లూరు డాక్టరు చెప్పినాడు. నర్సు తెలుగులో రాసిచ్చిన చీటీని నేనే కూడబలుక్కుని రెండుసార్లు చదివినాను.

బిడ్డను తీసుకుపొమ్మంది మస్తాన్‌బీ. తల్లి మాత్రం చిల్లా నలభై దినాలు నిండి, స్నానం అయ్యేదాకా గడప దాటకూడదంది. మనుబోలులో మా వీధికంతా ఆమె మాటే మాట. నా కొడుకు ఆఫ్తాబ్ కూడా తల వంచుకున్నాడు.

నైటీలు మళ్ళీ సంచిలో పెట్టినాను.

"బిడ్డ నాయన పోతాడు, నువ్వు పోతావు, చాలదా? పచ్చి బాలింతను అంత దూరం ఎందుకు ఈడుస్తావు వదినా?"

"నా పెద్దోణ్ణి ఇట్లనే ఆసుపత్రికి పంపించినారు. నేను చిల్లాలో ఉన్నానని మీ అన్న ఒక్కడే ఎత్తుకుపోయి, అక్కడే మట్టి చేసి వచ్చినాడు. వాడి మొహం నాకు గుర్తులేదు మస్తాన్."

"చేటు జరిగితే పూచీ నీదే," అంది.

"నాదే. రాసిమ్మంటావా? ఇప్పుడు రాయడం కూడా వచ్చు నాకు."

అంబులెన్సు వచ్చింది. ఇర్ఫానా చెవులకు గుడ్డ కట్టి, చెయ్యి పట్టుకుని గడప దాటించినాను.

ఆపరేషన్ అయిన రెండో దినం బిడ్డ కళ్ళు తెరిచినాడు. షాహుల్, షాహుల్ అని పిలుస్తా ఇర్ఫానా వేలు అందిస్తే గట్టిగా పట్టుకున్నాడు. మూడో దినం గుండె అలిసిపోయిందని చెప్పి, గొట్టాలు తీసి తల్లి ఒళ్ళో పెట్టినారు.

చిల్లా తప్పినందుకే అని వీధిలో అంటున్నారు. అననీ. రేపు ఇంకో ఇంట్లో ఇట్లాంటి బిడ్డ పుట్టినా, తల్లిని నేనే పోయి గడప దాటిస్తాను.

ఇర్ఫానా ఇంటికి వచ్చింది. షాహుల్ రాలేదు. జులై ఇరవై రెండు, మంగళవారం, పొద్దున పదిన్నరకు పోయినాడు.