రెండు వేళ్ల వాటం

ఆ రోజు కాలువల ఆఫీసు బంగళాలో ఉన్నది నలుగురు. ముందుగదిలో ఇంజనీరు సారు, వంటింటి గడపలో ఆయన భార్య వెంకటరత్నమ్మ, పొయ్యి దగ్గర వంటమనిషి శివరాం, పెరట్లోకి తెరుచుకునే వెనకగదిలో నేలమీద వేసిన పరుపు మీద సారు తల్లి. ముసలామె నడుము విరిగి రెండేళ్లయింది. ఒకరు లేపితే తప్ప లేవలేదు. పెరట్లో ఉన్న హేమ్లిని ఎవరూ లెక్కలో వేయరు.

హేమ్లి దిమ్మిస పట్టి అప్పటికే గంటయింది. దాన్ని ఎత్తినప్పుడల్లా తెల్లగాజులు మోచేతి మీదికి జారి, నేలకేసి కొట్టగానే మణికట్టు మీద పడుతున్నాయి. మిరుగం కార్తె వచ్చి నాలుగు రోజులైనా చినుకు లేదు. నిజాంసాగర్ వైపు నుంచి వచ్చే గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటోంది.

సారు హైదరాబాదులో ఒక ఆట నేర్చుకున్నాడు. తెల్లబంతిని కర్రతో మెల్లగా తట్టి చిన్న గుంతలో పడేయాలి. దానికి పచ్చిక కావాలి. బాన్సువాడ ఎండకు పచ్చిక నిలవదని బొంబాయి నుంచి ప్లాస్టిక్ గడ్డి చాప తెప్పించాడు. అడుగున మొరం, మొరం మీద మంజీర ఇసుక, ఇసుక మీద ఆ చాప. ఎండ తగిలితే కాలిన రబ్బరు వాసన వస్తుంది. మొదటిరోజే శివరాం దాన్ని వేలితో గీకి చూసి, "గిది మేకకు ఏస్తె మేక సుత నవ్వుతది" అన్నాడు.

హేమ్లికి తెలిసిన పని నేల ఒక్కటే. పదేళ్ల వయసులో తల్లి వెంట కల్లాలు చేయడానికి పోయింది. తడపాలి, కొట్టాలి, పేడతో అలకాలి, ఒక్క వడ్లగింజ కూడా పగులులోకి జారకూడదు. భర్త భిక్యా చెరకు కొట్టడానికి మద్నూర్ దాటి పోయి అటే ఉండిపోయిన ఏడాది, ఒక్కతే పదకొండు కల్లాలు చేసింది. పంట ఇల్లు చేరాక రైతు వాటిని దున్నేస్తాడు. ముప్పై ఏళ్లలో ఆమె చేసిన నేల ఒక్కటీ మరో వానాకాలం చూడలేదు. ఇది చూస్తుంది. పైగా పని నచ్చితే బంగళాలో తోటమాలి నౌకరీ ఇస్తానన్నాడు సారు. ఆమె తండాలో ఇంతవరకూ ఏ ఆడమనిషికీ నౌకరీ లేదు.

పది గంటలకు, చాప పరిచాక, సారు రసమట్టం తెచ్చి చాప మీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది. సాయంత్రం నిజామాబాదు నుంచి పెద్దసారు ఆడటానికి వస్తున్నాడనీ, ఇక దీన్ని ముట్టుకోవద్దనీ చెప్పాడు. హేమ్లి చాప మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఆమె పాదాలు వెడల్పు, మడమలు బీటలు వారినవి. అవి మరో మాట చెప్పాయి.

"నీళ్లకు వాటం లేదు సారూ. గట్టి వాన పడితె అవ్వ పండుకున్న అర్రలకు పోతయి."

"నలభై మైళ్ల కాలువకు వాలు చూసేవాణ్ణి. నాకు నువ్వు చెబుతావా?" అని నవ్వి, సారు జీపెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ముసలామె మంచినీళ్లడిగితే హేమ్లి చెంబు అందించింది. ఆమె తాగి, తడి పెదవులతో మెల్లగా చెప్పింది. "నిరుడు వానకు నీళ్లు లోపలికొచ్చాయే అమ్మాయ్. వీపు కిందికి వచ్చాక కేకేశాను. ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు."

హేమ్లి పెరట్లోకి వచ్చి అవతలి గోడ అడుగున ఉన్న తూము కేసి చాలాసేపు చూసింది. ముట్టుకోకపోతే నౌకరీ. చీర కుచ్చిళ్లు పైకి దోపింది. చాప చుట్టింది. గది గడప నుంచి తూము దాకా ఇసుకా మొరమూ చెక్కుతూ పోయింది, కొసకు పోయేసరికి రెండు వేళ్ల లోతు.

"ఏందే హేమ్లీ, నీ నౌకరీ మీద నువ్వే మన్ను పోసుకుంటున్నవు?" అన్నాడు శివరాం కిటికీలోంచి.

"తీస్తున్నగని పోస్తలేనన్నా."

ఆమె చాప మళ్లీ పరిచిన కాసేపటికి, అయిదింటికి పెద్దసారు వచ్చాడు. మొదటి బంతి గుంత పక్కనుంచి దొర్లి గోడ దగ్గర ఆగింది. రెండోదీ అక్కడికే పోయింది. మూడోదానికి ఆయన కర్ర మీద వాలి నవ్వాడు. "ఏమయ్యా, పెరట్లోనూ కాలువ తవ్వించావా?"

సారు నవ్వలేదు. పెద్దసారు టీకి లోపలికి వెళ్లాక రసమట్టం పెట్టి చూశాడు. బుడగ గది వైపు కొసకు పోయి కూర్చుంది. హేమ్లి ముఖం చూడకుండానే, ఈమెను పంపేయమనీ, ఎల్లుండి మేస్త్రిని పిలిచి సిమెంటుతో మట్టంగా పోయించమనీ శివరాంకు చెప్పి లోపలికి పోయాడు.

అప్పుడే వాన మొదలైంది. పెద్ద చినుకులు. శివరాం తువ్వాలు నెత్తిన వేసుకొని ఆమెను పెరటి తలుపు దాకా తీసుకొచ్చాడు. హేమ్లి వెనక్కి తిరిగి చూసింది. చాప మీద నీళ్లు కాసేపు తటపటాయించి, ప్లాస్టిక్ గడ్డిపోచల మధ్య నుంచి తూము వైపు మళ్లాయి. గది గడప పొడిగా ఉంది.

"అన్నా, సిమెంటు పోసేటోనికి వాటం సంగతి చెప్పు. అవ్వ ఉన్నది."

"నా మాట ఎవలింటరే? పో ఇగ, తడుస్తున్నవు."

తలుపు మూసుకుంటుంటే ఆ సందులోంచి జామచెట్టు కనపడింది. కొమ్మకు పొద్దున తను కట్టిన రొట్టెల మూట, వేసిన ముడి వేసినట్టే, వానలో నానుతూ వేలాడుతోంది.