మూత తీసిన డ్రమ్ము

సముద్రానికి అవతల ఇరాన్ మీద బాంబులు పడుతున్న ఆ జూన్‌లో, గల్ఫ్‌లోని సజ్జా కార్మికుల క్యాంపులో అందరూ యుద్ధం సంగతి భూమేశ్‌నే అడిగారు. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి, సిమెంటు దిమ్మెల కంపెనీలో హాజరు వేసే పనికి వచ్చినవాడు అతనొక్కడే.

"బుషెహర్‌ల అణు కేంద్రం ఉన్నదట. దాని మీద పడితే సముద్రం నీళ్లు కరాబైతయట. ఉప్పు తీసి మనం తాగేది గా నీళ్లే గదరా?" అన్నాడు గదిలో పెద్దవాడు వెంకట్రాములు.

"అక్కడ వెయ్యరు కాక. వేస్తే అందరికీ నష్టమే. అణుబాంబు గూడ గంతే. వెయ్యడానికి కాదు, ఎదుటోడు భయపడి ఆగడానికి పెట్టుకుంటరు. నిరోధం అంటరు దాన్ని."

"వాడనిదానికి గింత లొల్లి ఎందుకురా మరి?"

ఆ ప్రశ్నకు భూమేశ్ పరీక్షలో నాలుగు పేజీలు రాశాడు. ఇప్పుడు చెప్పే ఓపిక లేదు. "ఏమో కాక. ఎందుకైనా మంచిది, ఒక డ్రమ్ము నింపి పెడదాం" అన్నాడు.

వంటగది వెనక ఖాళీగా పడి ఉన్న నీలం డ్రమ్ము కడిగి, గదిలో పెట్టి నింపాడు. ఎదురు గదిలో ఉండే కడప జిలానీ బాషా అది చూశాడు. "చదువుకున్నోడు ఊరికే నింపడప్పా" అని తన గదివాళ్లతో అని, రెండు డ్రమ్ములు నింపించాడు. ఆ పక్క గదివాళ్లు మూడు నింపారు. మర్నాటికి మేడ మీద ట్యాంకు అడుగంటింది. ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, ఇంకో ట్యాంకరు పంపితే అదీ డ్రమ్ముల్లోకే పోయింది.

భూమేశ్‌కు పాఠం గుర్తొచ్చింది. ఒక దేశం తన రక్షణ కోసం చేసుకున్న ఏర్పాటు పక్క దేశానికి భయం పుట్టిస్తుంది. అదీ ఏర్పాట్లు చేసుకుంటుంది. చివరికి ఇద్దరికీ మునుపటికంటే భయమే ఎక్కువవుతుంది. ప్రతి గదికీ వెళ్లి చెప్పాడు. అందరూ విన్నారు. "ముందు మీరు తియ్యండి సారూ" అన్నారు.

ఆ సాయంత్రం వెంకట్రాములు కుంటుతూ వచ్చాడు. తడి సిమెంటు బూట్లలోకి దిగింది. సాక్సు లాగితే చర్మం దానితోపాటు లేచింది. బాగా కడగకపోతే కాలుతూనే ఉంటుంది. కుళాయి తిప్పితే గాలి బుసకొట్టింది.

గదిలో అందరికంటే చిన్నవాడు మల్లేశ్ డ్రమ్ము మూత మీదే కూర్చుని ఉన్నాడు. "ఇవి వోస్తే రేపు మనం ఏం తాగాలె అన్నా?"

"వద్దులేరా, బట్టతోని తుడుసుకుంట" అన్నాడు వెంకట్రాములు.

"లే, మల్లేశ్" అన్నాడు భూమేశ్.

మల్లేశ్ సణుగుతూ లేచాడు. భూమేశ్ డ్రమ్మును కాలువ ఉన్న వరండాలోకి లాక్కొచ్చి మూత తీశాడు.

ఎదురు గది తలుపు తెరుచుకుంది. "ఏం సారూ, యుద్ధం ఖలాసా?" అన్నాడు జిలానీ బాషా. వరండా పొడుగునా తలలు బయటికొచ్చాయి. లోపల ఎక్కడో మూతల చప్పుడు వినిపించింది.

అవునంటే చాలు, అన్ని డ్రమ్ములూ తెరుచుకుంటాయి. షిఫ్టు దిగినవాళ్లందరూ కాళ్లు కడుక్కుంటారు. ఆ మాట భూమేశ్ నాలుక దాకా వచ్చింది.

"నాకు తెల్వది భాయ్. పొద్దున గూడ బాంబులు వేసిన్రట."

తలలు లోపలికి పోయాయి.

"తెలీకుండా మూత ఎందుకు తీస్తివప్పా మరి?"

భూమేశ్ మగ్గు ముంచి వెంకట్రాములు కాళ్ల మీద పోశాడు. నీళ్లు సున్నంలా తెల్లగా పారాయి. జిలానీ బాషా ఆ కాళ్ల వంక చూసి, ఏదో తిట్టుకుంటూ లోపలికి వెళ్లాడు. తలుపు మూస్తాడనుకున్నాడు భూమేశ్. అతను నిండు బకెట్టుతో తిరిగొచ్చాడు.

"నీ చదువు చల్లగుండ! రెండు దినాల్నుంచి మా చేత నీళ్లు మోయిస్తాండావు. జరుగు."

వెంకట్రాములు కళ్లు మూసుకున్నాడు. జూన్‌లో కుళాయి నీళ్లు ఒళ్లు కాలుస్తాయి. ఇవి ఏసీ గదిలో ఉన్న నీళ్లు.

"సల్లగున్నయ్ రా" అన్నాడు.

మిగతా తలుపులు మూసే ఉన్నాయి. షిఫ్టు దిగి వచ్చిన ఇంకో ఇద్దరు బూట్లు విప్పకుండా డ్రమ్ము వైపే చూస్తూ నిలబడ్డారు. భూమేశ్ మళ్లీ మగ్గు ముంచాడు.